‘అంటిల్ ఫ్రైడే’ పంపించండి

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వస్తాను. ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్ళు కూడా పరాయి దేశంలో చాలాకాలం ఉంటే ‘తప్పు’ ఇంగ్లీషు మాట్లాడతారా? మాట్లాడతారు.

నేను జర్మనీలో పనిచేసేటప్పుడు మా టీమ్‌లో ఇంగ్లండ్ ఆయన ఒకరు ఉండేవారు. పుట్టి పెరిగింది ఇంగ్లండ్‌లోనే, ఉద్యోగం కోసం వచ్చి పదిహేనేళ్ళుగా అక్కడే ఉండిపోయారు. ఒకరోజు ఆయన మెయిల్ పెట్టారు, ‘ప్లీజ్ సెండ్ ఇట్ అంటిల్ ఫ్రైడే’ అని. ‘బై ఫ్రైడే’ కదా అనాల్సింది! శుక్రవారం లోపు వేరు, శుక్రవారం వరకు వేరు, మన పిల్లలు కూడా ఈ రెండూ కలిపేయరు. ఇంగ్లీషులోనూ అంతే. కానీ జర్మన్‌లో రెండింటికీ ‘బిస్’ ఒక్కటే మాట, రోజంతా అదే వాడీ వాడీ ఆయన ఇంగ్లీషులో కూడా ఆ తేడా చెరిగిపోయింది.

ఇంకోటి వినండి. ‘ఐ యామ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’. ‘ఐ హావ్ బీన్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’ అనాలి. మన పిల్లలు ఇలా రాస్తే మార్కులు పోతాయి, అది ‘మూడేళ్ళ నుంచి ఇక్కడ ఉన్నాను’ అనే తెలుగు వాక్యం కాబట్టి. జర్మన్ వాక్యం కూడా సరిగ్గా అలాగే ఉంటుంది, అందుకే ఆ దేశంలో చాలాకాలం ఉన్న ఇంగ్లీషువాళ్ళ నోట కూడా ఇదే మాట వస్తుంది. ఈ మాటకి మన పిల్లల్ని మొద్దులన్నవాళ్ళని నేను చూశాను, నాకు ఇప్పటికీ బాధే.

ఇలా ఎందుకవుతుందంటే, రెండు భాషలు తెలిసినవాడు ఒకటి మాట్లాడుతున్నా రెండోది మెదడులో పూర్తిగా నిద్రపోదు, పక్కనే మెలకువగా ఉంటుంది. దానికితోడు చుట్టూ ఇంగ్లీషు నేర్చుకుని మాట్లాడేవాళ్ళే ఉంటే వాళ్ళ వాక్యాలే చెవికి అలవాటైపోతాయి. యూరోపియన్ యూనియన్ ఆఫీసుల్లో తయారయ్యే ఇలాంటి ఇంగ్లీషు మీద జెరెమీ గార్డ్‌నర్ అనే అనువాదకుడు 2013లో పెద్ద జాబితానే తయారుచేశారు. మామూలు ఇంగ్లీషులో ‘యాక్చువల్’ అంటే ‘నిజమైన’, ఆ ఆఫీసుల్లో మాత్రం ‘ప్రస్తుత’ అని అర్థం, ఫ్రెంచ్ ప్రభావం.

అలాగని పెద్దయ్యాక దేశం దాటినవాళ్ళు మాతృభాష వ్యాకరణాన్ని పోగొట్టుకుంటారని కాదు. మాటలు తడుముకోవడం మామూలే, వ్యాకరణం మాత్రం గట్టిది, అంచుల్లో కాస్త అరుగుతుందంతే. అదీ తిరిగొస్తుంది. ఎడిన్‌బరో యూనివర్సిటీలో భాషాశాస్త్రవేత్త ఆంటొనెల్లా సొరాచే బృందం ఇంగ్లీషు మాట్లాడే దేశంలో స్థిరపడ్డ స్పానిష్‌వాళ్ళని పరీక్షించింది, కొన్నాళ్ళు స్వదేశం వెళ్ళొచ్చినవాళ్ళలో ఆ అరుగుదల బాగా తగ్గింది.

మా టీమ్ ఆయన కూడా క్రిస్మస్‌కి ఊరెళ్ళి అమ్మ దగ్గర రెండు వారాలుండి వచ్చారు. జనవరి మొదటి మెయిల్‌లో ‘బై ఫ్రైడే’ అనే ఉంది. మార్చికల్లా మళ్ళీ ‘అంటిల్’.