ముందు మెసేజ్, తర్వాత లింకు

శ్రోతలందరికీ నమస్కారం. కాపీరైటు, రహస్య సమాచారం, క్లౌడు... ఇవన్నీ ఐటీ కంపెనీల గొడవ, మనకెందుకని రేడియో కట్టేయకండి. నేను చెప్పబోయేది వరంగల్ కొత్తవాడ ముచ్చట. జంపఖానాల ముచ్చట.

కొత్తవాడలో ఒక నేతన్న ఉన్నాడనుకుందాం. గ్రాఫు కాగితం ముందేసుకుని, గడి గడికీ రంగు నింపుతూ కొత్త డిజైను గీశాడు. నాలుగు మూలలా నెమళ్లు, నడుమ గచ్చకాయ రంగు. హైదరాబాద్ సేటు ఫోన్ చేసి, "కొత్తవేమైనా ఉంటే పంపు, ఆర్డర్ ఇస్తా" అన్నాడు. కొడుకు కాగితాన్ని ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో, అదే క్లౌడులో, పెట్టాడు. సేటుకు తెరుచుకోవడం లేదంటే, 'లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు' అని మార్చి, పనిలో పనిగా వ్యాపారుల వాట్సాప్ గ్రూపులోనూ పడేశాడు. నెల తిరగకుండానే అవే నెమళ్లు మరమగ్గం మీద నేసి, సగం ధరకు బజారుకొచ్చాయి.

ఇప్పుడు నెమళ్లు ఎవరివి?

నేతన్నవే. గీసిన క్షణం నుంచే ఆ బొమ్మ మీద కాపీరైటు ఆయనది, దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. క్లౌడులో పెట్టినంత మాత్రాన గూగుల్‌ది అయిపోదు. కానీ 1957 కాపీరైటు చట్టంలో పదిహేనో సెక్షన్ ఒకటుంది. సరుకు మీద వేసే డిజైనును రిజిస్టర్ చేయించకుండా, పారిశ్రామిక పద్ధతిలో యాభైకి మించి తయారుచేస్తే ఆ కాపీరైటు పోతుంది. చేతి మగ్గానికి ఇది వర్తిస్తుందా అన్నది వకీళ్లకు వదిలేద్దాం. ఆ జోలికి పోకుండా ఉండాలంటే 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవడమే మేలు. పదేళ్ల రక్షణ, ఆపైన ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు.

"మాకు జీఐ, అదే భౌగోళిక గుర్తింపు, ఉంది కదా సార్" అనొచ్చు మీరు. ఉంది. 2018లో వచ్చింది, మనందరికీ గర్వమే. అది వరంగల్ దర్రీ (మన జంపఖానానే) అన్న పేరును కాపాడుతుంది. మీ నెమలిని కాదు.

అసలు చిక్కు ఎక్కడంటే, రిజిస్టర్ కావాలంటే డిజైను కొత్తది కావాలి. దరఖాస్తు పెట్టకముందే లోకానికి తెలిసిపోతే అది కొత్తది కాదు. గ్రూపులో పడ్డ ఆ లింకును చూపించి, "ఇది ముందే బయట ఉంది కదా" అని ఎదుటివాడు వాదిస్తాడు. మన నెమలిని మన లింకుతోనే కొడతాడన్నమాట.

మరి ఎవరికీ చూపించకుండా ఆర్డర్ ఎలా వస్తుంది? ఆ డిజైన్ల చట్టంలోనే పదహారో సెక్షన్ నాకు భలే ఇష్టం. కొత్త బట్టల డిజైను మీద రహస్యంగా తీసుకున్న మొదటి ఆర్డర్‌ను బయటపెట్టినట్టు లెక్కించరు, తర్వాత రిజిస్టర్ చేయించుకుంటే చాలు. బట్టల డిజైను అనే ఉంది అందులో! రాసినవాళ్లకు మగ్గం సంగతి, సేటు సంగతి రెండూ తెలుసనిపిస్తుంది.

కాబట్టి లింకు పంపే ముందు సేటుకు ఒక మెసేజ్ పెట్టండి: "సేటూ, ఇది కొత్త డిజైను. రిజిస్టర్ చేయించబోతున్నాం. ఆర్డర్ కోసం మీకొక్కరికే రహస్యంగా చూపిస్తున్నాం, ఇంకెవరికీ పంపొద్దు." ఆయన "సరే" అన్నాకే లింకు. ముందు మెసేజ్, తర్వాత లింకు. లింకును 'రిస్ట్రిక్టెడ్'లో ఉంచి ఆయన జీమెయిల్ ఒక్కటే చేర్చండి. డౌన్‌లోడ్ ఆపేసే వీలు కూడా ఉంది. స్క్రీన్‌షాట్‌ను మాత్రం అది ఆపలేదు, అందుకే ఆ మెసేజ్ ముఖ్యం.

స్టాంపు కాగితం కోసం పరుగెత్తక్కర్లేదు, మెసేజ్ తెలుగులోనే పెట్టండి. ఆ చాట్‌లో మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే సెట్టింగు ఆన్‌లో ఉందేమో మాత్రం ఒకసారి చూసుకోండి. ఉంటే తీసేయండి. నమస్కారం.