నొప్పి తగ్గాకే అమ్మమ్మ మాకు మళ్లీ దొరికింది

(ప్రపంచ హాస్పిస్, పాలియేటివ్ కేర్ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారు చెప్పేశారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. ఏటా అక్టోబరు రెండో శనివారం ఈ దినోత్సవం జరుపుతున్నారు. పాలియేటివ్ కేర్ అంటే, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లకి నొప్పీ బాధా తగ్గించే వైద్యం. దాని చరిత్ర చెప్పమని నన్ను పిలిచారు. 1967లో లండన్‌లో డాక్టర్ సిసిలీ సాండర్స్ సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. హాస్పిస్ అంటే చివరి దశ రోగులను చూసుకునే చోటు. మన దేశంలో కేరళలోని కోజికోడ్‌లో 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు అక్కడ ఈ పని మొదలుపెట్టారు. చరిత్ర ఇంతటితో ఆపుతాను. మా అమ్మమ్మ సంగతి చెప్పకుండా ఈ మైకు వదలలేను.

అమ్మమ్మది కోరుకొండ దగ్గర పల్లెటూరు. పాంక్రియాస్ క్యాన్సర్. తెలిసేసరికే లివర్‌కి పాకింది. పెద్దాసుపత్రిలో "ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. జబ్బు నయం చేయడానికి ఏమీ లేకపోవచ్చు. నొప్పి తగ్గించడానికి ఉంది కదండీ!

ఆ నొప్పి చూసినవాళ్లకే తెలుస్తుంది. పొట్టలో మొదలై వీపులోకి పొడుచుకుపోతుంది. వెల్లకిలా పడుకోలేక రాత్రంతా ఒళ్లో దిండు పెట్టుకుని ముందుకు వంగి కూర్చునేది. మేం గదిలోకి వెళ్తే గోడవైపు తిరిగేది. పైగా వచ్చిన చుట్టమల్లా "పిల్లల్ని లోపలికి రానివ్వకండి, భయపడతారు" అని చెప్పి వెళ్లేవారు. మాకు భయం వేసింది ఆ మూసిన తలుపు చూసే.

మా మావయ్య తీవ్రమైన నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్రల కోసం తిరగని మందుల షాపు లేదు. ఎక్కడికెళ్లినా "అవి మా దగ్గర ఉండవండీ" అన్నారు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండిస్తున్న దేశం మనది. మార్ఫిన్ తీసేది దాన్నుంచే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి భయపడి ఆసుపత్రులూ షాపులూ ఆ మందు పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి దారి సులువు చేశారు. అయినా మా ఊరు దాకా ఆ దారి రాలేదు.

చివరికి హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ రాసిచ్చారు. నాలుగు గంటలకో మాత్ర, మలబద్ధకం రాకుండా దాంతోపాటు ఇంకో మందు. మొదట్లో మగతగా ఉండేది. తర్వాత ఒక పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని "ఒరే, మీ అమ్మ పంచదార వేయడం మర్చిపోయిందిరా" అంది. అంత మామూలు మాట ఆవిడ నోట విని ఎన్నాళ్లయిందో! వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మ ఏడ్చేసింది.

ఆ మర్నాడే వడ్లు తెప్పించమంది. మా వైపు భద్రాచలం రాములవారి కల్యాణం తలంబ్రాలకి వడ్లు గోటితో ఒలిచి పంపుతారు. రోకలి తగలకూడదు, మిల్లు తగలకూడదు. రెండు గోళ్ల మధ్య గింజ పెట్టి కొసన నొక్కితే ఊక చీలుతుంది. కాస్త గట్టిగా నొక్కితే గింజ విరుగుతుంది. విరిగింది పనికిరాదు. గింజకోసారి రామనామం. అమ్మమ్మ మంచం మీద, నేనూ చెల్లీ చెరోపక్క. కామెర్లతో పచ్చబడిన వేళ్లతో ఆవిడ ఒలుస్తుంటే నాకన్నా ముందే ఆవిడ గిన్నె నిండేది.

ఒక చుట్టాలావిడ చూసి "రోగిష్టి మంచం మీద తలంబ్రాలేంటి?" అంది. అమ్మమ్మ తల కూడా ఎత్తలేదు. "శబరి ఎంగిలి పళ్లు తిన్నవాడమ్మా ఆయన. నా మంచం అడ్డమొస్తుందా?" అంది.

అప్పటిదాకా నా దేవుడు పరీక్షల ముందు దణ్ణం పెట్టుకునే దేవుడు. గింజ గింజకీ "అమ్మమ్మకి తగ్గించు" అని లోపల అడుగుతూనే ఉన్నాను. ఆవిడ నా మొహం చూసి కనిపెట్టేసింది. "నన్ను ఉంచమని అడగకురా. తీసుకెళ్లేటప్పుడు చెయ్యి వదలొద్దని అడుగు" అంది. ఆ మాట అంటూ కూడా ఒలవడం ఆపలేదు. నేను అలాగే అడిగాను. ఈ రోజుకీ నాకు వచ్చిన ప్రార్థన అదొక్కటే.

శ్రీరామనవమి నాడు టీవీలో కల్యాణం చూశాం. తలంబ్రాలు పోస్తుంటే "అదుగో, అది నేనొలిచింది! పక్కది వీడిది, వంకరగా ఉంది చూడు" అని పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంటిల్లిపాదీ నవ్వాం. చావు దగ్గరపడిన ఇంట్లో అంత నవ్వు ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను. వైశాఖంలో ఆవిడ వెళ్లిపోయింది. ఇంట్లోనే, చెల్లి చేతిలో చెయ్యి పెట్టి.

నొప్పి తగ్గకపోతే ఆ వడ్లు లేవు, ఆ నవ్వూ లేదు. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి రామనామం ఎక్కడ గుర్తొస్తుందండీ?

ముందు వరసలో ఉన్న నర్సింగ్ పిల్లలూ, రేపటి నుంచి ప్రతి రోగినీ నొప్పి ఎక్కడో, ఎంతో అడిగి రాయండమ్మా. డాక్టర్లకు చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను, "చేసేదేం లేదు" అనే మాట మానండి. క్యాన్సర్ నొప్పికి మెట్లు మెట్లుగా మందులు ఎలా ఇవ్వాలో 1986లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ లాంటి మందులు ఇమ్మంది. అలవాటైపోతుందేమోనని భయపడే ఇంటివాళ్లు ఆ భయం డాక్టరుతోనే చెప్పండి, మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వండి.

బయట బల్ల దగ్గర మన నర్సమ్మ కూర్చున్నారు. మీ ఇంట్లో ఎవరైనా మంచాన ఉంటే ఊరు, ఫోను నంబరు, నొప్పి ఎప్పటి నుంచో రాసివ్వండి. నొప్పితో రాత్రుళ్లు నిద్ర లేనివాళ్లుంటే వాళ్ల పేరు ముందు రాయించండి.