అద్దె సర్వర్‌కు ఆపరేటింగ్ సిస్టమ్: నంబరు కన్నా గడువు ముఖ్యం

నమస్కారం. వర్చువల్ సర్వర్ (పెద్ద కంప్యూటర్‌లో మనకు కేటాయించే ఒక భాగం) అద్దెకు తీసుకున్నవారిలో చాలామంది ఆపరేటింగ్ సిస్టమ్‌ల పట్టిక తెరవగానే, అన్నింటికన్నా పెద్ద నంబరున్న వెర్షన్ మీద నొక్కేస్తున్నారు. అనంతపురంలోని ఇంజనీరింగ్ విద్యార్థులు మొదలుకొని తాడిపత్రిలో దుకాణానికి వెబ్‌సైటు పెట్టుకున్నవారి వరకు నాకు చూపించే సర్వర్లలో ఇదే పొరపాటు కనిపిస్తోంది కనుక, ఈ వీడియోలో ఆ సంగతే మాట్లాడుకుందాం.

మన జిల్లాలో పొలం కౌలుకు తీసుకొనే రైతు ముందు బోరు దగ్గర నిలబడి ఎన్ని ఇంచుల నీళ్లు పడుతున్నాయో చూసి, ఆ తరువాతే ఏ పంట పెట్టాలో తేల్చుకుంటాడు. మీ సర్వర్‌లోని ర్యామ్, అంటే ప్రోగ్రాములు నడవడానికి వాడుకొనే మెమరీ, ఆ బోరు నీళ్ల వంటిది. డెస్క్‌టాప్‌తో కూడిన విండోస్ సర్వర్ 2022కు కనీసం 2 జీబీ ర్యామ్ కావాలని మైక్రోసాఫ్టే చెబుతున్నప్పుడు, 1 జీబీ సర్వర్‌లో దాన్ని పెట్టడం ఒకటిన్నర ఇంచు బోరు కింద వరి నాటడమే అవుతుంది. పైగా లైసెన్సు ఖర్చు అద్దెకు తోడవుతుంది. విండోస్ మీద తప్ప నడవని సాఫ్ట్‌వేర్ ఉంటేనే దాన్ని తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

[తెర మీద: టెర్మినల్‌లో 'ఫ్రీ హైఫన్ హెచ్' కమాండ్ ఫలితం]

విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ పెట్టుకుంటే, మెమరీ లెక్కను ఈ కమాండ్‌తో చూడవచ్చు. ఇక్కడ 'ఫ్రీ' అన్న గడిలో అంకె తక్కువగా ఉందని కంగారుపడనక్కరలేదు. ఖాళీగా ఉన్న మెమరీని లినక్స్ డిస్క్ కాష్‌కు, అంటే డిస్క్‌లోని ఫైళ్లను త్వరగా అందించడానికి, వాడుకుంటూ, అవసరమైనప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది కాబట్టి, మీరు చూడవలసింది చివరనున్న 'అవైలబుల్' గడిని.

నీళ్ల లెక్క తేలాక రైతు చూసేది పంట కాలం. టమోటా కొన్ని నెలల్లో అయిపోతుంది, చీనీ తోట ఏళ్ల తరబడి నిలుస్తుంది. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి: రెండేళ్లకొకసారి ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్ (దీర్ఘకాలిక మద్దతు) వెర్షన్‌కు 5 ఏళ్లపాటు భద్రతా అప్‌డేట్లు ఉచితంగా అందుతాయి, మధ్యలో వచ్చేవాటికి 9 నెలలే అందుతాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 22.04కు 2027 వరకు గడువుండగా, 2023 అక్టోబరులో వచ్చిన 23.10కు 2024 జూలైలోనే గడువు తీరిపోయింది. పెద్ద నంబరు చూసి 23.10 పెట్టుకున్నవారు చీనీ అనుకొని టమోటా నాటుకున్నట్టయింది, ఏడాది తిరగకముందే మళ్లీ దుక్కి దున్నుకోవలసి వచ్చింది.

ఉచితంగా దొరికిన మరో లినక్స్ రకం సెంటోస్ కథ నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. 2019లో వచ్చిన సెంటోస్ 8కు 2029 వరకు అప్‌డేట్లు ఉంటాయని నమ్మి ఎందరో దానికి మారితే, 2020 డిసెంబరులో దాన్ని తయారుచేసేవారు మాట మార్చి, 2021 డిసెంబరు 31తో దాన్ని ఆపేశారు. 2014 నాటి సెంటోస్ 7 మాత్రం 2024 జూన్ 30 దాకా సాగింది. ఆ లోటు తీర్చడానికే 2021లో అల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చాయి, వాటి 9వ వెర్షన్లకు 2032 వరకు గడువుంది. పట్టికలో సెంటోస్ 7 కనిపించినా ఎంచుకోకండి, ఎందుకంటే అందులో కొత్తగా ఏ లోపం బయటపడినా దాన్ని సరిచేసే ఉచిత అప్‌డేట్ ఇక రాదు.

సమయం తక్కువగా ఉంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. చిన్న సర్వర్‌కు నేను ముందు సూచించేది డెబియన్ అనే లినక్స్ రకం. దానికి 3 ఏళ్ల పూర్తి మద్దతు, ఆపైన 2 ఏళ్ల ఎల్‌టీఎస్ ఉంటాయి. ఆల్పైన్ అనే మరో రకం చాలా తేలికైనదే కానీ, ప్రోగ్రాములు ఆధారపడే జీలిబ్‌సీ అనే లైబ్రరీ బదులు అది మజిల్ అనేదాన్ని వాడుతుంది కాబట్టి సిద్ధంగా దొరికే కొన్ని ప్రోగ్రాములు అందులో నడవవు. సర్వర్‌ను బ్రౌజర్‌లోంచి నడిపే కంట్రోల్ ప్యానెల్ పెట్టదలచుకుంటే, అది ఏ వెర్షన్లను అంగీకరిస్తుందో ముందే చూసుకోవాలి. ఇప్పటికే నడుస్తున్న సర్వర్‌ను మార్చేవారు ఫైళ్లనూ డేటాబేస్‌నూ మరోచోట భద్రపరచుకొన్న తరువాతే రీఇన్‌స్టాల్ నొక్కాలి. నొక్కితే డిస్క్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది.