బ్యాగ్‌పైప్‌కి పరీక్షలా? స్కాట్లాండ్‌లో పైపర్లకీ డ్రమ్మర్లకీ సర్టిఫికెట్ ఎలా వస్తుందంటే

[పరేడ్‌లో నడిచే పైప్ బ్యాండ్ క్లిప్, పది సెకన్లు, తర్వాత సౌండ్ మెల్లగా తగ్గాలి]

జనవరి 26న పొద్దున్నే టీవీ పెట్టుకుని ఢిల్లీ పరేడ్ చూసేవాళ్లందరికీ ఈ సౌండ్ తెలుసు. చంకలో సంచి, భుజం మీద మూడు గొట్టాలు, నోట్లో ఊదే గొట్టం, ముందు నడిచే వాళ్ల చేతిలో కర్ర. బ్రిటిష్ వాళ్ల కాలంలో స్కాటిష్ రెజిమెంట్లతో పాటు వచ్చి, వాళ్లు వెళ్లిపోయినా మన సైన్యంలోనే ఉండిపోయిన వాద్యం ఇది. చాలామంది పరేడ్ అయిపోయాక దీన్ని మర్చిపోతారు, మళ్లీ వచ్చే జనవరి దాకా. కానీ దీని సొంత ఊరు స్కాట్లాండ్‌లో దీనికి సిలబస్ ఉంది, థియరీ పేపరు ఉంది, ఎగ్జామినర్లు ఉన్నారు, ఫెయిలయ్యేవాళ్లూ ఉన్నారు. పక్కన డ్రమ్ వాయించేవాళ్లకి విడిగా ఇంకో పరీక్ష. ఈ రోజు వీడియో దాని గురించే.

ముందు వాద్యం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఎగ్జామినర్ ఏం వింటాడో అర్థం కాదు.

[చాంటర్ క్లోజప్, వేళ్లు కనిపించాలి]

వేళ్లు ఆడించే ఈ గొట్టాన్ని చాంటర్ అంటారు. ఇందులో పలికేవి మొత్తం 9 స్వరాలు. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి ఒక్క ముక్కలో చెప్తాను: వాళ్లు 'లో ఏ' (Low A) అనే స్వరాన్ని షడ్జమం అనుకోండి, పైకి వెళ్తుంటే వచ్చేవి దాదాపు హరికాంభోజి స్వరాలే, తార షడ్జమం దగ్గర ఆగిపోతుంది, కింద ఒక్క మంద్ర నిషాదం అదనం. అంతే, అయిపోయింది. ఇంకో స్థాయికి వెళ్లడానికి దారి లేదు. భుజం మీద ఉన్న మూడూ డ్రోన్లు, అంటే మన శ్రుతి పెట్టె చేసే పనే: రెండు టెనర్ డ్రోన్లు ఒక స్థాయి కింద, బేస్ డ్రోన్ రెండు స్థాయిల కింద, మూడూ షడ్జమమే పట్టుకుని ఉంటాయి. మన వీధి నాటకాల వాళ్లు మేకతోలుతో చేసిన తిత్తిని శ్రుతి కోసం ఊదేవాళ్లు కదా, ఆ తిత్తి కూడా ఈ కుటుంబంలోదే.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ వాద్యంలో సౌండ్ పెంచడం తగ్గించడం ఉండదు. మధ్యలో ఆపడం కూడా కుదరదు, సంచిలో గాలి ఉన్నంతసేపూ చాంటర్ మోగుతూనే ఉంటుంది. మరి ఒకే స్వరం రెండుసార్లు వాయించాలంటే? ఫ్లూట్‌లో అయితే నాలుకతో కొట్టి విడగొట్టొచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు. అందుకే మధ్యలో ఇంకో స్వరాన్ని రెప్పపాటు కంటే తక్కువ సేపు మెరిపించి వదిలేస్తారు, దాన్నే గ్రేస్ నోట్ అంటారు. ఇలాంటివి రెండు మూడు కలిపి కట్టిన గుత్తులకి డబ్లింగ్, గ్రిప్, త్రో, బర్ల్ అని పేర్లు. బర్ల్ చూడండి.

[బర్ల్: ఒకసారి స్లో మోషన్‌లో, ఒకసారి మామూలు స్పీడ్‌లో]

కింది చేతి చిటికెన వేలు ఒక్కటే పని చేస్తుంది. 'లో ఏ' స్వరం పట్టుకుని ఉండగా ఆ వేలితో కింది రంధ్రాన్ని టకటకా రెండుసార్లు మూసి తెరవాలి. వినడానికి అర సెకను కూడా ఉండదు. అది రెండుగా స్పష్టంగా వినిపించాలి, ఒకటిన్నరగా వినిపిస్తే అక్కడే మార్కులు పోతాయి. ఇంకోటి, కింది చేతి స్వరం నుంచి పై చేతి స్వరానికి మారేటప్పుడు వేళ్లన్నీ ఒకే క్షణంలో కదలాలి. ఒక వేలు వెనకబడిందంటే మధ్యలో అక్కర్లేని స్వరం ఒకటి కీచుమని దూరుతుంది. క్రాసింగ్ నాయిస్ అంటారు దాన్ని. సౌండ్ ఎక్కడా ఆగదు కాబట్టి తప్పు దాచుకోడానికి చోటు ఉండదు, నా ఉద్దేశంలో పైపర్ పరీక్ష కష్టమంతా అక్కడే ఉంది.

సరే, పరీక్ష ఎవరు పెడతారు?

చాలా కాలం వరకు ఈ లోకంలో బిరుదు అంటే పోటీలో గెలవడమే. 1781లో హైలాండ్ సొసైటీ ఆఫ్ లండన్ ఫాల్కర్క్‌లో పైపర్ల పోటీ పెట్టింది, అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ మెడల్స్ పిచ్చి పోలేదు. ఇప్పటికీ ఒబాన్‌లో, ఇన్వర్నెస్‌లో ఇచ్చే గోల్డ్ మెడల్ వచ్చిన పైపర్‌ని "నీ సర్టిఫికెట్ ఏది" అని అడిగేవాడు ఎవడూ ఉండడు. దానికి ముందు అయితే గురువు పేరే సర్టిఫికెట్. స్కై దీవిలో మెక్లాయిడ్ దొరల దగ్గర తరతరాలుగా పైపర్లుగా ఉన్న మెక్‌క్రిమన్ కుటుంబం దగ్గర నేర్చుకున్నానంటే చాలు. వాళ్లు కాగితం మీద రాసేవాళ్లు కాదు, నోటితో పాడి నేర్పేవాళ్లు. "హిహారిన్" లాంటి అక్షరాలతో స్వరమూ అలంకారమూ రెండూ పలికే పద్ధతి, పేరు కాంటరెక్. మన మృదంగం మాస్టారు "తకధిమి తకజొణు" అని నోటితో చెప్పి తర్వాత చేత్తో వాయించమంటారు చూడండి, సరిగ్గా ఆ దారే. (ఈ విషయం మీదే విడిగా ఒక వీడియో చేయాలని ఉంది, చూద్దాం.)

20వ శతాబ్దంలో సంస్థలు వచ్చాయి. పైప్ బ్యాండ్ల సంఘం 1930లో మొదలైంది, ఇప్పుడు దాని పేరు రాయల్ స్కాటిష్ పైప్ బ్యాండ్ అసోసియేషన్. గ్లాస్గోలో కాలేజ్ ఆఫ్ పైపింగ్ 1944లో, నేషనల్ పైపింగ్ సెంటర్ 1996లో వచ్చాయి, 2018లో ఆ రెండూ కలిసిపోయాయి. ఎడిన్‌బరాలో బ్రిటిష్ ఆర్మీకి సొంత పైపింగ్, డ్రమ్మింగ్ స్కూల్ ఉంది. ఒకప్పుడు ఎవరి సర్టిఫికెట్ వాళ్లదే. ఒకచోట పాసైతే ఇంకోచోట దాని విలువ ఎంతో తెలిసేది కాదు. అందుకని వీళ్లంతా ఒక చోట కూర్చుని ఒకే సిలబస్ కిందికి తెచ్చారు, దాన్ని చూసుకునేదే పైపింగ్ అండ్ డ్రమ్మింగ్ క్వాలిఫికేషన్స్ బోర్డ్. పొడుగ్గా ఉంది, ఇక నుంచి బోర్డు అందాం.

బోర్డు పరీక్షలు లెవెల్ 1 నుంచి లెవెల్ 8 దాకా ఉంటాయి. వీటికి స్కాట్లాండ్ జాతీయ అర్హతల పట్టికలో చోటుంది, అంటే స్కూలు చదువు నుంచి డాక్టరేట్ దాకా అన్నిటినీ 12 మెట్లుగా పేర్చిన పట్టిక ఒకటుంది, అందులో ఈ సర్టిఫికెట్ ఏ మెట్టు మీద ఉందో ఎవరైనా చూసుకోవచ్చు. మన దగ్గర ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్, డిప్లొమా అని ఉన్నట్టే అనుకోండి, కాకపోతే మెట్లు ఎక్కువ.

లెవెల్ 1 వాళ్ల చేతికి అసలు బ్యాగ్‌పైప్ ఇవ్వరు. సంచీ డ్రోన్లూ లేని ప్రాక్టీస్ చాంటర్ మీదే మొదలు. స్కేల్, గ్రేస్ నోట్లు, చిన్న చిన్న ట్యూన్లు. సంచి వచ్చాక కథ మారిపోతుంది, ఎందుకంటే అప్పుడు ఊపిరి, మోచెయ్యి ఒకదానికొకటి అందించుకోవాలి: ఊదినంతసేపు చెయ్యి వదులు, ఊపిరి పీల్చుకునేటప్పుడు చెయ్యి నొక్కాలి, ఈ మార్పు లోపల గాలికి తెలియకూడదు. తెలిసిందంటే డ్రోన్లు ఊగుతాయి, చాంటర్ శ్రుతి జారుతుంది. కళ్లు మూసుకుని విన్నా వాడు ఎప్పుడు ఊపిరి తీశాడో చెప్పగలిగితే ఆ పైపర్ ఇంకా తయారు కానట్టే.

ఇంకా పైకి వెళ్తే మార్చ్ (నడకకి వాయించేది), స్ట్రాత్‌స్పే, రీల్ (ఈ రెండూ స్కాటిష్ డ్యాన్స్ ట్యూన్లు) మూడూ వరసగా వాయించాలి, తర్వాత పీబ్రాక్ వస్తుంది. ఇది బ్యాగ్‌పైప్ శాస్త్రీయ సంగీతం అనుకోవచ్చు. మొదట నేల లాంటి నెమ్మది రాగవరస ఒకటి, దాన్నే పట్టుకుని మెల్లమెల్లగా చిక్కబడే వేరియేషన్లు, చివర మళ్లీ మొదటి వరస. ఒక్కోటి పది నిమిషాలు దాటిపోతుంది, మొత్తం జ్ఞాపకం నుంచే. నాకు నచ్చేది ఇదే, మొదటిసారి వింటే మాత్రం బోరు కొట్టొచ్చు, ముందే చెప్తున్నా.

[స్క్రీన్ మీద డ్రోన్ జాయింట్‌ని పైకీ కిందికీ జరిపే చెయ్యి]

ట్యూనింగ్ దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే పైపర్ అసలు స్థాయి ట్యూన్ మొదలుకాక ముందే తెలిసిపోతుంది. డ్రోన్లని జాయింట్ దగ్గర పైకి జరిపితే శ్రుతి తగ్గుతుంది, కిందికి దింపితే పెరుగుతుంది. ముందు ఒక టెనర్‌ని చాంటర్‌కి కలిపి, దానికి రెండోది, తర్వాత బేస్. కలవకపోతే రెండింటి మధ్య "వావ్ వావ్" అని ఒక ఊపు వినిపిస్తుంది, దగ్గరయ్యేకొద్దీ ఆ ఊపు నెమ్మదించి చివరికి ఆగిపోతుంది, అప్పుడు మూడు గొట్టాలూ ఒకే గొట్టంలా మోగుతాయి. ఊపిరి వేడికీ తేమకీ రీడ్లు, అంటే గాలికి అదిరి సౌండ్ పుట్టించే పలుచని నాలుకలు, మారుతూ ఉంటాయి కాబట్టి ఐదు నిమిషాల క్రితం కలిసింది ఇప్పుడు కలవకపోవచ్చు. చలి హాల్లో కూర్చుని మన వంతు కోసం ఎదురుచూడాలంటే ఆ టెన్షన్ వేరే.

థియరీ సంగతికి వస్తే చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పదేళ్లుగా బ్యాండ్‌లో వాయిస్తుంటాడు, వేళ్లు అద్భుతం, కానీ ఆ డబ్లింగ్‌ని కాగితం మీద రాయమంటే చెయ్యి రాదు. టైమ్ సిగ్నేచర్ చూసి ఇది 6/8 మార్చా, 2/4 మార్చా, 3/4 రిట్రీటా అని చెప్పడం, ట్యూన్‌కి ఎన్ని పార్టులు, ఒక్కో పార్టుకి 8 బార్లు ఎలా విడిపోతాయి, స్ట్రాత్‌స్పేకి ఆ కుదుపు ఎక్కణ్నుంచి వస్తుంది, ఇవన్నీ తెలియాలి. "వాయించేవాడికి ఇదంతా ఎందుకు" అనేవాళ్లు అక్కడా ఉన్నారు. నేను ఒప్పుకోను. తను వాయించడానికి అక్కర్లేకపోవచ్చు, ఇంకొకడికి నేర్పాలంటే కావాలి. ఈ సర్టిఫికెట్ల అసలు ఉపయోగం టీచర్లకే అని నా అభిప్రాయం. పోటీలో జడ్జి ఆ రోజు, ఆ కొద్ది నిమిషాల్లో మీరు వాయించింది విని వెళ్లిపోతాడు, మీకు రీడ్ సరిచేయడం వచ్చా రాదా, పిల్లాడి తప్పు ఎక్కడుందో చెప్పగలరా అన్నది ఆయనకి అనవసరం.

ఇప్పుడు డ్రమ్మర్లు. వీళ్లని ఎవరూ పట్టించుకోరు పాపం.

[స్నేర్ డ్రమ్, తర్వాత ఒక్క గీత నొటేషన్]

పైప్ బ్యాండ్ స్నేర్ డ్రమ్ మామూలు డ్రమ్ సెట్‌లో ఉండే స్నేర్ కాదు. కెవ్లార్ లాంటి గట్టి పదార్థంతో చేసిన హెడ్‌ని, అంటే దెబ్బ కొట్టే పొరని, విపరీతంగా బిగిస్తారు, స్నేర్ తీగలు కింద ఒక వరస, పై హెడ్ కింద ఇంకో వరస. దాంతో దెబ్బ పొడిగా, టక్కుమని తెగిపోతుంది, ఎనిమిది మంది కలిసి వాయిస్తే ఒక్క వెంట్రుకవాసి తేడా కూడా బయటపడిపోతుంది. వాళ్ల నొటేషన్ చూడండి, ఐదు గీతలు లేవు, ఒక్కటే గీత. గీత పైన ఉన్నది కుడి చెయ్యి, కింద ఉన్నది ఎడమ చెయ్యి. ఇది స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నుంచి వచ్చింది, అక్కడ ఫ్రిట్జ్ బెర్గర్ తయారుచేసిన పద్ధతి. పైప్ బ్యాండ్ డ్రమ్మింగ్‌ని ఇప్పుడున్న రూపానికి తెచ్చిన అలెక్స్ డూథర్ట్ మీద కూడా ఆ బాజెల్ డ్రమ్మర్ల ప్రభావం ఉంది.

డ్రమ్ పరీక్షలో రూడిమెంట్లతో, అంటే ప్రాథమిక దెబ్బల పాఠాలతో మొదలు: సింగిల్ స్ట్రోక్, పారడిడిల్, ఫ్లామ్, డ్రాగ్, ఇంకా రోల్స్, అంటే ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా వరసగా దొర్లే దెబ్బలు. రోల్ ఎంత ముఖ్యమంటే బ్యాండ్ బయల్దేరేదే దాంతో, డ్రమ్మర్లు రెండు రోల్స్ ఇచ్చాకే పైపులు అందుకుంటాయి. కుడి చెయ్యి బరువు, ఎడమ చెయ్యి బరువు ఒకటిగా ఉన్నాయా అన్నది రోల్ నెమ్మదిగా మొదలుపెట్టి స్పీడు పెంచమంటే తెలిసిపోతుంది. ఇంకో సంగతి, డ్రమ్మర్‌కి ట్యూన్ తెలియాలి. పైపులు ఏం చెప్తున్నాయో తెలియకుండా చేతులు ఆడించేవాడు బ్యాండ్‌కి భారం. టెనర్, బేస్ డ్రమ్ వాయించేవాళ్ల పని కూడా దూరం నుంచి తేలిగ్గా కనిపిస్తుంది, టెనర్ డ్రమ్మర్ కర్రలు గాల్లో తిప్పుతూనే తాళం తప్పకుండా ఉండాలి, బేస్ తప్పితే బ్యాండ్ మొత్తం తప్పుతుంది.

సర్టిఫికెట్ ఉంటే పెద్ద బ్యాండ్‌లో చోటు దొరుకుతుందా? దొరకదు. ఏటా ఆగస్టులో గ్లాస్గో గ్రీన్‌లో ప్రపంచ పోటీలు జరుగుతాయి, అక్కడ అన్నిటికంటే పై శ్రేణి అయిన గ్రేడ్ 1లో దిగే బ్యాండ్ పైప్ మేజర్, అంటే బ్యాండ్ నాయకుడు, మీ కాగితం చూడడు, వాయించమని వింటాడు. కానీ స్కూల్లో టీచర్‌గా చేరాలన్నా, స్కాట్లాండ్‌కి దూరంగా ఉండి నా స్థాయి ఎక్కడుందో తెలుసుకోవాలన్నా ఇది పనికొస్తుంది. సైన్యం దారి వేరు, అక్కడ పైపర్లకి క్లాసుల వారీ కోర్సులు, అన్నిటికంటే పైన పైప్ మేజర్ కోర్సు. యూనివర్సిటీ కావాలంటే గ్లాస్గోలో రాయల్ కన్సర్వటోర్ ఆఫ్ స్కాట్లాండ్ పైపింగ్‌లో డిగ్రీ ఇస్తుంది. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో కూడా ఉంది, ఎక్కడనుకుంటున్నారు? కార్నెగీ మెలన్‌లో. అవును, మన పిల్లలు కంప్యూటర్ సైన్స్ సీటు కోసం తపించిపోయే ఆ కార్నెగీ మెలన్‌లోనే. ఆండ్రూ కార్నెగీ పుట్టింది స్కాట్లాండ్‌లో, డన్ఫర్మ్‌లిన్‌లో.

గ్లాస్గో, ఎడిన్‌బరా వైపు ఉంటున్న తెలుగు కుటుంబాలకి ఒక మాట. అక్కడ స్కూల్లో మ్యూజిక్ సబ్జెక్టుకి బ్యాగ్‌పైప్ గానీ పైప్ బ్యాండ్ డ్రమ్మింగ్ గానీ తీసుకుని నేషనల్ 5, హయ్యర్ అనే అక్కడి హైస్కూలు పరీక్షలు రాయొచ్చు. పియానో, వయొలిన్ లాగే అది కూడా ఒక వాద్యం కింద లెక్క. మీ పిల్లల స్కూల్లో నేర్పేవాళ్లు ఉన్నారేమో కనుక్కోండి.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆన్‌లైన్‌లో సంచి, గొట్టాలు, గళ్ల గుడ్డ అన్నీ కలిపి చవగ్గా ఫుల్ సెట్ అని కనిపిస్తుంది, వాటిలో చాలావరకు గోడకి తగిలించుకోడానికే, శ్రుతి నిలవదు. మొదట కొనాల్సింది ఒక మంచి ప్రాక్టీస్ చాంటర్, దానికి ఒక స్పేర్ రీడ్. డ్రమ్ అయితే ప్రాక్టీస్ ప్యాడ్, ఒక జత కర్రలు. ఫుల్ సెట్ ఎప్పుడు కొనాలో మీకు నేర్పే మాస్టారే చెప్తారు, అప్పటిదాకా పక్కింటివాళ్లు కూడా ప్రశాంతంగా ఉంటారు.