సముద్రం పక్కన ఒక రోడ్డు: ఘనా స్వాతంత్ర్యం కథ

(మార్చి 5 సాయంత్రం, ఘనా రాజధాని అక్రాలో తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక పిల్లలు జెండాలకు రంగులేసుకుంటున్నారు. వాళ్ల పని చెడగొట్టకుండా నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

రేపు మార్చి 6, ఘనా స్వాతంత్ర్య దినం, మనకు సెలవు. ఇక్కడ ఇన్నేళ్లుగా ఉంటూ చాలామందిమి గమనించని విషయం ఒకటుంది. ఈ దేశ స్వాతంత్ర్యం కథంతా ఓసు కోట నుంచి జేమ్స్‌టౌన్ దాకా సముద్రం పక్కన ఒకే దారిలో పరుచుకుని ఉంది. మనం రోజూ ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ వెళ్లే దారే.

ఆ దారిలో ఓ ముక్క పేరు ట్వంటీ ఎయిత్ ఫిబ్రవరీ రోడ్. రోడ్డుకి తేదీ పేరేమిటని వచ్చిన కొత్తలో నాకూ అనిపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్లు అప్పట్లో గోల్డ్ కోస్ట్ అని పిలిచిన ఈ దేశపు కుర్రాళ్లను మన దేశం మీదుగా బర్మా తీసుకెళ్లి, అరకాన్ అడవుల్లో జపాన్ సైన్యంతో పోరాడించారు. శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్దవాళ్లు 'రంగం' అని చెప్పుకునే రంగూన్ ఉన్న దేశమే అది. ఇక్కడి సైనిక స్థావరానికి 'బర్మా క్యాంప్' అని పేరు రావడానికీ కారణం అదే. యుద్ధం అయిపోయింది, ఇస్తామన్న పింఛన్లు, ఉద్యోగాలు మాత్రం రాలేదు.

1948 ఫిబ్రవరి 28న ఆ మాజీ సైనికులు అర్జీ పట్టుకుని, చేతిలో ఆయుధం లేకుండా, గవర్నరు ఉండే ఓసు కోటకి బయలుదేరారు. దారిలో పోలీసులు అడ్డుకున్నారు. ఇమ్రే అనే తెల్ల అధికారి తానే తుపాకీ అందుకుని కాల్చాడు. ముగ్గురు చనిపోయారు: సార్జెంట్ అడ్జెటే, కార్పొరల్ అటిపో, ప్రైవేట్ ఒడార్టే లాంప్టే. ధరలు మండిపోతున్నాయని జనం నెల రోజులుగా విదేశీ సరుకు కొనడం మానేసి, సరిగ్గా ఆ రోజే బహిష్కరణ ముగించారు. దుకాణాలకొచ్చిన జనానికి కాల్పుల వార్త అందింది. ఇక ఊరు తగలబడింది. నన్నడిగితే, ఘనా స్వాతంత్ర్యం మొదలైంది ఆ రోజునే. మార్చి 6 దాని ఫలితం.

అల్లర్లు రేపారని ఆరుగురు నాయకుల్ని పట్టుకున్నారు. మన జేబుల్లోని సెడీ నోట్ల మీద వరసగా కనిపించే ఆరుగురూ వాళ్లే. అందులో, తర్వాత ఈ దేశానికి తొలి నాయకుడైన క్వామే ఎన్‌క్రుమాకి తోటివాళ్లతో పొసగలేదు. వాళ్లు 'వీలైనంత త్వరలో స్వపరిపాలన' అంటే, ఈయన 'ఇప్పుడే' అని 1949లో వేరే పార్టీ పెట్టాడు. గాంధీగారి పద్ధతి చూసి 1950 జనవరిలో సమ్మెలు, బహిష్కరణలు మొదలుపెట్టాడు. దొరలు జేమ్స్‌టౌన్‌లోని జేమ్స్ కోట జైల్లో వేశారు. 1951 ఎన్నికల్లో జైలు నుంచే పోటీ చేసి, 23,122 ఓట్లలో 22,780 తెచ్చుకున్నాడు. వదలక తప్పలేదు.

ఆ జైలుకి కాస్త ఇవతలే పాత పోలో మైదానం. 1957 మార్చి 5 అర్ధరాత్రి, అంటే లెక్క ప్రకారం ఈ రాత్రే, అక్కడ బ్రిటిష్ పాలన ముగిసిందని ప్రకటించారు. వేదిక మీద ఎన్‌క్రుమా, ఆయన సహచరులు సూటూ బూటూ వేసుకోలేదు. ఉత్తర ఘనా నేత చొక్కాలు, తల మీద 'పీజీ' అని కుట్టిన టోపీలు. పీజీ అంటే మన పిల్లలకి పోస్ట్ గ్రాడ్యుయేషన్, వాళ్లకి మాత్రం ప్రిజన్ గ్రాడ్యుయేట్! జనంలో మార్టిన్ లూథర్ కింగ్ కూడా ఉన్నాడు. ఆఫ్రికా అంతా విముక్తి కాకపోతే మన స్వాతంత్ర్యానికి అర్థమే లేదని ఎన్‌క్రుమా చెప్పింది ఆ రాత్రే.

ఆ తేదీ కూడా కావాలని ఎంచుకున్నదే. 1844 మార్చి 6న ఇక్కడి ఫాంటే తెగ పెద్దలు బ్రిటిష్‌వాళ్ల అధికారాన్ని ఒప్పుకునే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. సరిగ్గా 113 ఏళ్లకి అదే రోజున దాన్ని చెరిపేశారన్న మాట. ఆఫ్రికాలో స్వతంత్రమైన మొట్టమొదటి దేశం ఘనాయే అని కొందరు అంటుంటారు, అది సరి కాదు. ఉత్తరాన ఉన్నవాటి సంగతి అటుంచండి, సూడాన్ కూడా 1956లోనే బయటపడింది.

పిల్లలు రంగులేస్తున్న ఆ జెండాని గీసింది థియోడోసియా ఓకో అనే టీచరు. ఎరుపు ప్రాణాలిచ్చినవాళ్ల రక్తం, పసుపు బంగారం, పచ్చ అడవులు. మధ్యలోని నల్ల చుక్క, అంటే బ్లాక్ స్టార్, పేరే ఫుట్‌బాల్ జట్టుకీ పెట్టుకున్నారు. పరేడ్ చాలా ఏళ్లు ఆ చుక్క పేరుతోనే ఉన్న బ్లాక్ స్టార్ స్క్వేర్‌లో జరిగింది. తర్వాత కుమాసీ, కేప్ కోస్ట్, హో లాంటి ఊళ్లకీ తిప్పారు. 2025లో ఖర్చు తగ్గించాలని అధ్యక్షుడు మహామా తన భవనం ఆవరణలోనే చిన్నగా కానిచ్చారు. ఎక్కడ జరిగినా నాకు నచ్చేది యూనిఫాం వేసుకుని చేతులూపుతూ నడిచే బడిపిల్లల వరసే.

చేదు సంగతీ చెప్పాలి. ఈ దేశానికి 'ఘనా' అనే పాత సామ్రాజ్యం పేరు సూచించింది డంక్వా, నోట్ల మీది ఆరుగురిలో ఒకరు. ఆయన 1965లో చనిపోయింది జైల్లో. ఆ జైల్లో పెట్టింది ఎన్‌క్రుమా ప్రభుత్వమే. మరుసటేడు ఫిబ్రవరిలో ఎన్‌క్రుమా విదేశంలో ఉండగా సైన్యం ఆయన్నీ దించేసింది. జనం ఆయన విగ్రహం కూలదోశారు.

ఇప్పుడు ఆ పోలో మైదానంలోనే ఆయన సమాధి ఉంది. కొత్త విగ్రహం ముందు అందరూ ఫొటోలు దిగుతారు. మీరు మాత్రం వెనక్కి వెళ్లండి. కూలదోసిన ఆ పాత విగ్రహం తల లేకుండా నిలబడి ఉంటుంది, తల పక్కనే ఇంకో దిమ్మ మీద. రేపు ఉదయం ఏడింటికి ఓసు దగ్గర కలిసి అక్కడిదాకా నడుద్దాం. ఎండ ముదరకముందే రండి, పిల్లలకి టోపీలు మర్చిపోకండి.