ఒక్క రాయి పడ్డాక: శాంతియుత ప్రదర్శనలు, పోలీసు విధి

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, పోలీసు అధికారులకు, న్యాయవాద మిత్రులకు నమస్కారం.

శాంతియుతంగా సభ జరుపుకునే హక్కు పౌరులకు ఉందా అని అడిగితే ఈ హాలులో ఎవరూ కాదనరు. అందువల్ల ఆ హక్కు నిజంగా నిలుస్తుందో లేదో తేలిపోయే ఒక ఘట్టం గురించే నేను మాట్లాడదలచుకున్నాను. వేలమంది నినాదాలు చేసుకుంటూ ప్రశాంతంగా సాగుతున్న ఊరేగింపులోంచి ఎవరో ఒక రాయి విసిరారు. అది బారికేడ్ దగ్గర నిలబడిన కానిస్టేబుల్ హెల్మెట్‌కు తగిలింది. పక్కనున్నవాళ్లు లాఠీలు బిగించి పట్టుకుని, పై అధికారి ముఖంలోకి చూస్తున్నారు. ఆయన ఏం చేయాలి?

పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 21వ అధికరణం శాంతియుత సమావేశ హక్కును గుర్తించింది. 1966లో ఆమోదం పొందిన ఆ అధికరణాన్ని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2020లో తన 37వ సాధారణ వ్యాఖ్యలో విడమరచి చెప్పింది. కొందరు చేసిన హింసను తక్కినవారికి అంటగట్టకూడదని, హింస విస్తృతంగా, తీవ్రంగా ఉన్నప్పుడే ఆ సమావేశం శాంతియుతం కాకుండా పోతుందని అందులో స్పష్టంగా ఉంది. కాస్త తోపులాట జరగడం, రోడ్డు మీద వాహనాలు నిలిచిపోవడం వంటివి హింస కిందికి రావని కూడా ఆ వ్యాఖ్య అంటుంది. ముందస్తు సమాచారం ఇవ్వలేదన్న ఒక్క కారణంతో సభను చెదరగొట్టడం కూడా కుదరదు. ఈ హక్కు గుంపుది కాదు, గుంపులోని ఒక్కొక్కరిదీ. రాయి విసిరినవాడు తన రక్షణ పోగొట్టుకున్నాడు, నిజమే. కానీ అతని వెనక బిడ్డను ఎత్తుకుని నడుస్తున్న తల్లి ఏమీ పోగొట్టుకోలేదు.

ఇక్కడ అధికారుల నుంచి తరచూ వినిపించే అభ్యంతరం ఒకటుంది: గుంపుకు బుద్ధి ఉండదు, ఒకడు మొదలుపెడితే అందరూ అందుకుంటారు, కనుక మొదట్లోనే అణచాలి అంటారు. 19వ శతాబ్దం చివర్లో యూరప్‌లో ప్రచారంలోకి వచ్చిన ఈ అభిప్రాయాన్ని గత కొన్ని దశాబ్దాల్లో గుంపుల ప్రవర్తనను దగ్గరగా గమనించిన సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలావరకు తోసిపుచ్చారు. వారు చెప్పేది ఏమిటంటే, ఊరేగింపుకు వచ్చినవాళ్లలో రకరకాల వాళ్లుంటారు, రాళ్లు వేసేవాడిని ఆపాలని చూసేవాళ్లూ అందులోనే ఉంటారు. పోలీసులు విచక్షణ లేకుండా అందరి మీదా లాఠీ ఎత్తిన క్షణంలో ఆ తేడాలు చెరిగిపోతాయి, అంతవరకూ అతన్ని వారించినవాళ్లు కూడా అతని పక్కన చేరతారు. ఒక్కడితో పోయే గొడవను వేలమందితో పెట్టుకోవడం హక్కుల మాట అటుంచి, వృత్తిపరంగా కూడా తెలివైన పని కాదని నా అభిప్రాయం.

కాబట్టి చేయవలసింది రాయి విసిరినవాడిని గుర్తించి, వేరు చేసి, అదుపులోకి తీసుకోవడం. ఊరేగింపును ముందుకు సాగనివ్వడం. ఇది చెప్పినంత తేలిక కాదు. దానికి శిక్షణ పొందిన చిన్న బృందాలు కావాలి, నిర్వాహకులతో ముందురోజే మాట్లాడుకున్న పరిచయం కావాలి. 2001లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో యూరోపియన్ యూనియన్ శిఖరాగ్ర సమావేశం సందర్భంగా జరిగిన ఘర్షణల్లో పోలీసు కాల్పులు కూడా జరిగాయి. ఆ అనుభవం తర్వాత అక్కడ సంభాషణ పోలీసులు అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. వారి పని ప్రదర్శనకారులతో ముందు, మధ్య, తర్వాత మాట్లాడడం. పోలీసులు ఏం చేయబోతున్నారో వాళ్లకు, వాళ్లు ఏం కోరుతున్నారో పోలీసులకు చేరవేయడం. వేరే వర్గంవారు అడ్డుకోవడానికి వస్తే ప్రదర్శనకు రక్షణ ఇవ్వడం కూడా ప్రభుత్వ బాధ్యతేనని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 1988లోనే, ఆస్ట్రియాకు సంబంధించిన ఒక కేసులో చెప్పింది.

చెదరగొట్టక తప్పని పరిస్థితి ఎప్పుడైనా రావచ్చు. అప్పుడు కూడా ముందు హెచ్చరిక వినిపించాలి, అంటే చివరి వరుసలో ఉన్నవాడికీ అర్థమయ్యే భాషలో, మైకులో, ఒకటికి రెండుసార్లు చెప్పి, వెళ్లిపోవడానికి తగినంత సమయమూ తెరిచి ఉన్న దారీ చూపించాలి. బాష్పవాయువుకు మంచివాడెవడో చెడ్డవాడెవడో తెలియదు, అది గాలి వీచిన వైపు పోతుంది. 2022 అక్టోబరు 1న ఇండోనేషియాలోని కంజురుహాన్ ఫుట్‌బాల్ స్టేడియంలో పోలీసులు ప్రేక్షకులు కూర్చున్న వైపు బాష్పవాయువు ప్రయోగించారు. జనం బయటికి పరుగెత్తి ద్వారాల దగ్గర ఇరుక్కుపోయారు. 135 మంది చనిపోయారు. అది నిరసన సభ కాదు, ఆట చూడవచ్చిన జనం. దారి లేనిచోట పొగ వదిలితే ఏమవుతుందో తెలియడానికి ఆ తేడా అడ్డు కాదు. లాఠీ విషయంలోనూ ఐక్యరాజ్యసమితి 2020 మార్గదర్శకాలు తల, మెడ, వెన్నెముక, మూత్రపిండాల మీద కొట్టడాన్ని నివారించమంటున్నాయి. రబ్బరు బుల్లెట్లను నేలకు కొట్టి ఎగరేయడం కూడదంటున్నాయి, ఎందుకంటే నేలకు తగిలి లేచిన తూటా ఎవరికి తగులుతుందో కాల్చినవాడికే తెలియదు.

తుపాకీ సంగతి సూటిగా చెప్తాను. జనాన్ని చెదరగొట్టడానికి తుపాకీ సాధనం కాదు. ప్రాణాపాయం లేదా తీవ్ర గాయం తక్షణం తప్పదన్నప్పుడు, దానికి కారణమైన వ్యక్తి మీద మాత్రమే, వేరే దారి లేకపోతేనే వాడవచ్చు. 1960 మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పులకు 69 మంది బలయ్యారు. వారిలో చాలామందికి తూటాలు వెనక నుంచి తగిలాయి, అంటే వాళ్లు పారిపోతున్నారు.

ఇంత సంయమనం ఆశిస్తున్నప్పుడు, పొద్దుటి నుంచి ఎండలో నీళ్లు లేకుండా బందోబస్తులో నిలబడ్డ మనిషి సహనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. డ్యూటీ మార్పు, తిండి, విశ్రాంతి ఏర్పాటు చేయని అధికారికి కింది సిబ్బంది కోపాన్ని తప్పుపట్టే అర్హత తక్కువ.

ఇక జవాబుదారీ. ప్రతి ఒక్కరి యూనిఫాం మీద పేరో నంబరో కనిపించాలి. బలప్రయోగానికి ఆదేశం ఎవరిచ్చారు, ఎన్ని గంటలకిచ్చారు, ఎందుకిచ్చారు అన్నది అప్పటికప్పుడు నమోదు కావాలి. 1990లో హవానాలో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు ఆమోదించిన బలప్రయోగ మూలసూత్రాల ప్రకారం, ఆదేశం చట్టవిరుద్ధమని తెలిసి, దాన్ని కాదనే అవకాశం ఉండి కూడా అమలు చేసి మరణానికో తీవ్ర గాయానికో కారణమైనవాడు పై అధికారి చెప్పాడని తప్పించుకోలేడు. ఆ ఆదేశం ఇచ్చిన పై అధికారి కూడా బాధ్యుడే.