టేపుల్లో దాగిన షికాగో

శ్రోతలకు నమస్కారం.

ఇరవై ఏళ్లు కూడా నిండని ఒక అమ్మాయి. దేశం అమెరికా. కాలం 1970ల మొదట్లో. టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఉద్యోగం, దూరపు ఊళ్లకు లైను కలపడం పని. ట్రంక్‌కాల్ బుక్ చేసి గంటలకొద్దీ కాచుకుని కూర్చున్న మన పెద్దవాళ్లకు అలాంటి గొంతు గుర్తుండే ఉంటుంది. ఆమె పలకాల్సిన మాటలు లెక్కగా కొన్నే. అంతకు మించి మాట్లాడకూడదు. అవతల ఎవరో ఏడుస్తున్నా ఓదార్చకూడదు. అందరికీ ఇంకెవరితోనో మాట్లాడాలనే తొందర, తనతో మాట్లాడాలని ఎవరికీ ఉండదు. ఆ వెలితిని ఆమె ఒక టేప్‌రికార్డర్ ముందు చెప్పుకుంది.

ఆ టేప్‌రికార్డర్ పట్టుకుని ఎదురుగా కూర్చున్న మనిషి స్టడ్స్ టెర్కెల్. 1912లో న్యూయార్క్‌లో పుట్టి, చిన్నప్పుడే షికాగో చేరాడు. తల్లిదండ్రులు అద్దె గదుల లాడ్జి నడిపేవారు. పని ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అక్కడ చేరి వాదించుకుంటుంటే వింటూ పెరిగాడు. 1934లో లా పట్టా పుచ్చుకున్నాడు కానీ ఒక్కరోజు కూడా ప్రాక్టీసు చెయ్యలేదు. నాకైతే ఆయన అసలు చదువు ఆ లాడ్జి వసారాలోనే జరిగిందనిపిస్తుంది.

తర్వాత టీవీలో మంచి పేరొచ్చింది. అంతలో అమెరికాలో కమ్యూనిస్టుల వేట మొదలైంది, అంటే కమ్యూనిస్టులని అనుమానం వచ్చినవాళ్లను ఉద్యోగాల్లోంచి తీసేయడం. నల్లజాతివారిని వేరుగా పెట్టే చట్టాలకు వ్యతిరేకంగా, ఓటు వెయ్యాలంటే పన్ను కట్టాలనే నిబంధనకు వ్యతిరేకంగా ఆయన అర్జీల మీద సంతకాలు పెట్టి ఉన్నాడు. ఆ సంతకాలే అనుమానానికి కారణమయ్యాయి. ‘నన్ను మోసం చేసి పెట్టించుకున్నారు’ అని ఒక్క మాట అంటే ఉద్యోగం నిలిచేది. అనలేదు. టీవీ కార్యక్రమం పోయింది. 1952లో షికాగోలోని డబ్ల్యూ.ఎఫ్.ఎమ్.టి. అనే చిన్న రేడియో స్టేషన్‌లో చేరాడు. 1997 దాకా, 45 ఏళ్లు, అక్కడే ఉన్నాడు.

ఆయనకు మెషీన్లు చేతకావు. కారు నడపడం రాదు, బస్సులోనే తిరిగేవాడు. టేప్‌రికార్డర్‌తోనూ తంటాలే. ఎదుటి మనిషే అది చూసి సాయం చేసేవాడు. దాంతో పెద్ద రేడియో ఆయన వచ్చాడన్న బెరుకు పోయేది. మాట దానంతట అదే వచ్చేది.

పని గురించి వందమందికి పైగా మనుషులతో మాట్లాడి, 1974లో ఆ మాటల్ని పుస్తకంగా తెచ్చాడు. అందులో ఉక్కు కార్మికుడు, హోటల్లో వడ్డించే ఆవిడ, గోతులు తవ్వే కాటికాపరి అందరూ ఉన్నారు. ఒహాయో రాష్ట్రంలో లార్డ్స్‌టౌన్ కార్ల ఫ్యాక్టరీ యూనియన్ నాయకుడూ ఉన్నాడు. అక్కడ గంటకు నూరు కార్లు వరుసలో కదిలేవి. లెక్క వేయండి, ఒక్కో కారుకు 36 సెకన్లు. ఆ 36 సెకన్లలో చేసిన పనినే మళ్లీ మళ్లీ, షిఫ్టు అయిపోయేదాకా చెయ్యాలి. 1972 మార్చిలో అక్కడివాళ్లు సమ్మె కట్టారు. గొడవ జీతం గురించి మాత్రమే కాదు. మనుషుల్ని తగ్గించి, మిగిలినవాళ్ల మీద పని మోపడం గురించి. ఆ కుర్రాళ్లు మమ్మల్ని మనుషులుగా చూడండని అడిగారు. 2019లో జనరల్ మోటార్స్ అక్కడ కార్ల తయారీ ఆపేసింది. ఆ నాయకుడి మాట మాత్రం టేపులో ఉంది.

రాజకీయం కూడా ఆయనకు ఇలాగే, మనుషుల నోటి నుంచే దొరికింది. 1963 ఆగస్టులో పౌరహక్కుల కోసం వాషింగ్టన్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. ఆ రోజు మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం లోకమంతా విన్నది. టెర్కెల్ షికాగో నుంచి అక్కడికి వెళ్లే రైలెక్కి, పెట్టెల్లో తిరుగుతూ తోటి ప్రయాణికులతో మాట్లాడాడు. నాయకుడి ప్రసంగం ఎక్కడైనా దొరుకుతుంది. దాన్ని వినడానికి బయల్దేరినవాళ్ల మనసులో ఏముందో తెలియాలంటే ఆ రైలు టేపే వినాలి. మరుసటి ఏడాది ఆయన కింగ్‌తోనూ తీరిగ్గా మాట్లాడాడు.

పని గురించిన ఆ టేపులు చాలా ఏళ్లు అట్టపెట్టెల్లోనే ఉండిపోయాయి. 2016లో కొన్ని అమెరికన్ పబ్లిక్ రేడియోలో వినిపించారు, ఆ టెలిఫోన్ ఆపరేటర్ గొంతుతో సహా. ఆయన రేడియో కార్యక్రమాలు సుమారు 5,600. వాటిని షికాగో హిస్టరీ మ్యూజియం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కలిసి డిజిటల్ చేయిస్తూ వచ్చాయి. 2018 మే 16న, ఆయన పుట్టినరోజు నాడు, అందరూ ఉచితంగా వినేలా ఇంటర్నెట్‌లో తెరిచారు. మీ పిల్లలెవరైనా షికాగోలో ఉంటే ఒకసారి వినమని చెప్పండి. తాము నడుస్తున్న వీధుల్లో అంతకుముందు ఎవరు నడిచారో వాళ్లకు తెలుస్తుంది.

టెర్కెల్ తరచూ చెప్పిన ఒక సంగతి ఉంది. పేదలకు ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో ఒక యువతిని కలిశాడు. చుట్టూ ముగ్గురు నలుగురు చిన్నపిల్లలు గంతులేస్తున్నారు. ఆమె ఎప్పుడూ టేప్‌రికార్డర్ ముందు మాట్లాడలేదు. మాటలయ్యాక పిల్లలు అమ్మ గొంతు వినాలని గోల చేశారు. ఆయన టేపు వెనక్కి తిప్పి పెట్టాడు. ఆమె కూడా పిల్లలతోపాటు విన్నది. వింటూ వింటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన మనసులో ఇంత ఉందని తనకే ఇన్నాళ్లూ తెలియలేదంది.

నమస్కారం.